గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చోవాలి?

మొన్నామధ్య మండలాఫీసులో పొదుపు సంఘాల ఆడవాళ్ళకి ఒకరోజు శిక్షణ పెట్టారు. 'మహిళలు - వ్యాపారం' అని బేనరు కట్టారు. టౌను నుంచి వచ్చిన ఒకాయన మైకు పట్టుకుని గంటన్నర మాట్లాడాడు. "మీరు భయం వదలాలి. గడప దాటాలి. అలవాటైన చోటు విడిచిపెట్టి బయటికొస్తేనే వ్యాపారంలో పైకొస్తారు" అన్నాడు. మంచి మాటే. కాకపోతే అది ఎవరికి చెప్పాల్సిన మాట అన్నదే పేచీ. వెనక వరసలో కూర్చున్న మా పల్లె ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకామె మా చెవిలో అంది: "గడప దాటమంటాడేందే, మన కొంపలకి గడప యాడుంది?"

అక్కడ నవ్వుకున్నాం. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట మమ్మల్ని వదల్లేదు.

మాల మాదిగ ఆడమనిషి ఎన్నడు ఇంట్లో కూర్చుంది? నాట్లు ఎవరు వేశారు, కలుపు ఎవరు తీశారు, మిరపకోతలకి పిల్లల్ని సంకనేసుకుని లారీల మీద ఊళ్ళు దాటిపోయింది ఎవరు? ఇంటి నాలుగు గోడలు అగ్రకుల ఆడవాళ్ళకి సంకెళ్ళయితే అయినాయేమో, మాకు ఆ నాలుగు గోడలే లేవు. ఇక ధైర్యం సంగతంటారా. 1985లో కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర బిందె ఎత్తి నిలబడింది మన ఆడబిడ్డే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా పాకెట్ల మీద తిరగబడింది అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రి బడికొచ్చిన ఆడవాళ్ళే. ఆ పోరాటం వెనకనే ఈ పొదుపు సంఘాలు ఊరూరా లేచినాయి. అట్టాంటి వాళ్ళని కూర్చోబెట్టి భయం వదలమంటే ఏం చెప్పాలి?

కానీ మన పల్లె ఆడవాళ్ళలో వ్యాపారం చేసేవాళ్ళు ఎందరున్నారో లెక్క తీయండి. మీ ఊళ్ళో మీరే తీయండి. కూలికి పోయేవాళ్ళు అందరూ. కొట్టు పెట్టుకున్నవాళ్ళు ఒకరో ఇద్దరో, అదీ పల్లె లోపల, పిల్లలకి బిస్కెట్లూ వక్కపొడీ అమ్మే అరుగు కొట్టు. ఊళ్ళో సెంటర్లో ఎవరూ లేరు. ఎందుకు లేరన్నది అసలు ప్రశ్న.

మన ఆడవాళ్ళకి అమ్మడం తెలియక కాదు. గడ్డిమోపులు అమ్మారు, కట్టెలు అమ్మారు, చీపుర్లు అమ్మారు. అవి కొన్నవాడికి మైల అంటలేదు. గడ్డి తినేది బర్రె గదా. తోలు పని మనది, తోలు వ్యాపారం మాత్రం మనది కాలేదు. మన చేతికి కూలి మిగిలింది, లాభం వేరేవాళ్ళ చేతికి పోయింది. కావాలంటే పాల సంగతి చూడండి. ఎస్సీ కార్పొరేషను అయినా, బ్యాంకు అయినా, మన ఆడవాళ్ళు అప్పు అడిగితే ముందు బర్రె చూపిస్తారు. ఏళ్ళ తరబడి మేము దీన్ని చూస్తూనే ఉన్నాం గానీ ఎందుకో ఎన్నడూ ఆలోచించలేదు. పాలు కేంద్రానికి పోయి క్యాన్లో కలిసిపోతాయి. కలిసినాక అవి ఎవరి బర్రెవో ఎవరికీ తెలియదు. పాలకి కులం పోతుంది. ఇడ్లీకి పోదు. ఇడ్లీ ప్లేటులో పెట్టి ఇచ్చే చెయ్యి ఎదురుగా కనపడుతుంది.

అందుకే మేము ఇడ్లీ బండి సంగతి చెప్పదలిచాం.

మా పల్లె అక్క ఒకామె ఉంది. పేరు రాయం, ఆమె వద్దంది. 2018 దసరా వెళ్ళాక ఊరి బస్సు స్టేజీ దగ్గర ఇడ్లీ బండి పెట్టింది. ముప్ఫై ఎనిమిది వేలు పెట్టుబడి. బండికి పద్నాలుగు వేలు, స్టవ్వూ ఇడ్లీపాత్రా పెనం గిన్నెలూ కలిపి తొమ్మిది వేలు, పాత గ్రైండరు ఏడు వేలు, మిగిలిన ఎనిమిది వేలు సరుకు. ఈ డబ్బు ఎట్టా వచ్చిందంటే, పొదుపు సంఘం అప్పు ఇరవై వేలు, చెవికమ్మలు కుదువ పెడితే పదివేలు, రెండు సీజన్ల మిరపకోత కూలి దాచిపెట్టుకున్నది ఎనిమిది వేలు. ముందు బ్యాంకుకే పోయింది. 2015లో పెట్టిన ముద్ర పథకంలో యాభైవేల లోపు అప్పుకి తాకట్టు అడగకూడదు. ఆ సంగతి మేమే కాగితం మీద రాసిచ్చి పంపాం. అక్కడి ఆఫీసరు కాగితం చూసి, "హోటలు నీకెందుకమ్మా, బర్రె కొనుక్కో, బర్రెకైతే చూద్దాం" అన్నాడట. చూశారా, మళ్ళీ బర్రె.

ఎస్సీ ఎస్టీలకీ ఆడవాళ్ళకీ అని 2016లో స్టాండప్ ఇండియా పెట్టారు గదా అని మీరు అడగొచ్చు. అది పది లక్షల దగ్గర మొదలై కోటి దాకా పోయింది. ప్రతి బ్యాంకు బ్రాంచీ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకీ, ఒక ఆడమనిషికీ ఇవ్వాలన్నారు. పది లక్షల మెట్టు మీద నిలబడ్డ వాళ్ళకి అది పనికొచ్చింది కావచ్చు. నలభైవేలు లేక తిరిగే మనిషికి ఆ మెట్టు కంటికే ఆనదు.

బండి మీద ఆమె బాబాసాహెబ్ ఫోటో పెట్టింది. చిన్నదే, క్యాలెండరులోంచి కత్తిరించి అద్దం కట్టించింది.

మొదటి నెల బాగానే నడిచింది. రోజుకి నాలుగు కిలోల పిండి అయిపోయేది. తెల్లారుజామున మూడింటికి లేచేది. ఆటో డ్రైవర్లు, టౌను కాలేజీకి పోయే పిల్లలు, కూలీల మేస్త్రీలు తినేవాళ్ళు. ఆమె చేసే శనక్కాయల పచ్చడి మా స్టాఫురూముకి కూడా వచ్చేది. తర్వాత ఊళ్ళో ఎవరో అన్నారు, "అది పల్లె హోటలు గదరా" అని. అంతే. ఎవరూ గొడవ చేయలేదు, బండి తన్నలేదు, తిట్టలేదు. రావడం మానేశారు. నాలుగు కిలోల పిండి కిలోన్నరకి పడిపోయింది. మిగిలిన పిండి పులిసిపోతే పునుగులు వేసి సాయంత్రం పల్లెలో పిల్లలకి పంచింది.

సంఘంలో మీటింగు పెట్టాం. కుర్రాళ్ళు కేసు పెడదామన్నారు. చట్టం లేకపోలేదు. 1955 పౌరహక్కుల చట్టం నాలుగో సెక్షనులో, ఏ వృత్తి గానీ వ్యాపారం గానీ చేసుకోనీకుండా అంటరానితనం పేరుతో అడ్డుపడితే నేరమని ఉంది. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చింది. దాంట్లో సాంఘిక బహిష్కారం, ఆర్థిక బహిష్కారం రెండూ నేరాలే. ఆ బండి దగ్గర తినొద్దని ఊళ్ళో ఎవరన్నా చాటింపు వేసినా, తింటే జరిమానా అన్నా, పల్లెవాళ్ళ దగ్గర కొనేది లేదని కట్టడి చేసుకున్నా మన చేతిలో ఆయుధం ఉంది, దాన్ని వాడాలి. ఇది ప్రతి సంఘమూ గుర్తుపెట్టుకోవాలి. మా ఊళ్ళో ఎవరూ చాటింపు వేయలేదు. అడిగితే "ఇంట్లో తినొచ్చాం" అంటారు. ఆకలి లేదన్నవాడి మీద ఎఫ్ఐఆర్ ఎట్టా కట్టిస్తాం?

ఇది మా ఒక్క ఊరి రోగం కూడా కాదు. బడుల్లో మధ్యాహ్న భోజనం వండేవాళ్ళ నియామకంలో దళితులకీ ఆదివాసులకీ ముందు అవకాశం ఇవ్వాలని 2004లో సుప్రీంకోర్టే చెప్పింది. ఆ తర్వాత పదిహేడేళ్ళకి, 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలో ఒక సర్కారు బడిలో, దళిత ఆడమనిషి వండిందని అగ్రకులాల పిల్లలు తినడం మానేశారు. ఆమెనే పనిలోంచి తీసేశారు. గోల దేశమంతా వినపడ్డాక మళ్ళీ పెట్టుకున్నారు. చదువుకునే పిల్లలండీ. బడిపంతుళ్ళం గనక మాకు ఇది మరీ గుచ్చుకుంది.

ఆ మీటింగులో ఇంకొక మాట కూడా వచ్చింది. దాచడం న్యాయం కాదు, చెప్తాం. "ఫోటో తీసేస్తే సరిపోద్దేమో, కొత్తవాళ్ళకి తెలియదు గదా, వ్యాపారం వ్యాపారమే" అని. ఆ మాట అన్నవాళ్ళలో మేమూ ఉన్నాం. డిగ్రీలు చదివాం, ఏప్రిల్ 14న మైకుల్లో మాట్లాడతాం, పిల్లలకి రాజ్యాంగం పాఠం చెప్తాం, మా నోటితోనే అన్నాం. అక్క మా వైపు చూసి ఒకటే అంది: "ఫోటో తీసినాక నా మొగం కూడా తీసి యాడ పెట్టమంటావ్ చెల్లే?"

మేము తల ఎత్తలేదు.

తర్వాత ఇంటికి పోయి ఆలోచిస్తే గుర్తొచ్చింది, బాబాసాహెబ్ కూడా ఇదే దెబ్బ తిన్నవాడు. 1917లో బరోడా కొలువు వదిలి బొంబాయి వచ్చాక, బతకడానికి షేర్ల వ్యవహారాల్లో సలహాలిచ్చే ఆఫీసు పెట్టుకున్నాడు. అమెరికాలో ఆర్థికశాస్త్రం చదివొచ్చిన మనిషి. ఆయన కంటే ఆ సలహా చెప్పగలవాళ్ళు ఎందరుంటారు? ఆయన అంటరానివాడని తెలిశాక వచ్చేవాళ్ళు మానేశారు. ఆఫీసు మూతపడింది. అక్కడ సలహా, ఇక్కడ ఇడ్లీ. సరుకులో లోపం రెండు చోట్లా లేదు. కొనేవాడి బుర్రలో ఉంది.

కాబట్టి అలవాటైన చోటు వదిలి బయటికి రావాల్సింది ఎవరయ్యా అని శిక్షణిచ్చే ఆయన్ని అడుగుతున్నాం. ఆ మైకు ఊరి సెంటర్లో పెట్టి, అక్కడి పెద్దమనుషులకి చెప్పకూడదా? పల్లె ఆడమనిషి చేతి ఇడ్లీ తినండి, భయం వదలండి, ఏమీ కాదు అని?

అయితే భయమే లేదని మేము అంటే అదీ అబద్ధం. ఉంది. పాము భయం కాదు, రాత్రి భయం కాదు. నోరు తెరిచి డబ్బు అడగాలంటే భయం. తరతరాలుగా కూలి డబ్బు కూడా మనం నేరుగా అడగలేదు. మేస్త్రీ తెస్తే తీసుకున్నాం, ఇచ్చినప్పుడు పుచ్చుకున్నాం. అట్టాంటి నోటితో, తన కొడుకు ఈడు పిల్లగాడు "ఏమే, రెండు ప్లేట్లు కట్టు" అంటే, వాణ్ణి "బాబూ, నలభై రూపాయలు" అని అడగాలంటే ఆమెకి గొంతు పెగిలేది కాదు. కొందరు డబ్బులివ్వకుండానే బండెక్కి పోయేవాళ్ళు. ఆమె చూస్తూ నిలబడేది. ఆ అక్కే మిరపచేలో త్రాచుపాముని కర్రతో కొట్టింది, మేము కళ్ళారా చూశాం.

దీనికి మేము చేసిన సాయం చిన్నది. రేట్ల బోర్డు రాసిచ్చాం. బడిలో సుద్దముక్కతో రాసే గుండ్రటి అక్షరాలే, రంగుతో. ఇడ్లీ ఇంత, దోసె ఇంత, పునుగులు ఇంత, కింద పెద్దక్షరాలతో 'ముందు డబ్బులు'. ఆమెకి చదువు రాదు, అంకెలు వచ్చు. ఇప్పుడు నోటితో అడగదు, గరిటెతో బోర్డు వైపు చూపిస్తుంది. అది చాలు. నోరు తర్వాత వస్తుంది. 'ఏమే' అన్నవాడికి పిలుపు వినపడనట్టు ఇంకొకళ్ళకి ప్లేటు పెట్టడం మాత్రం ఎవరూ నేర్పకుండా తనే నేర్చుకుంది.

అరువు పుస్తకం సంగతి ఇంకా ఘోరం. ఒక ఆదివారం కూర్చుని లెక్క కట్టాం. మొత్తం రావాల్సింది పదకొండు వేల ఆరొందలు. దాంట్లో ఊరివాళ్ళది పంతొమ్మిదొందలే. మిగిలిన తొమ్మిదివేల ఏడొందలూ మన రెండు పల్లెలవాళ్ళదే. మన బావలు, మన తమ్ముళ్ళు, మన సంఘం నాయకులు. ఊళ్ళో కోమటి కొట్టు దగ్గర అరువు పెడితే శనివారానికల్లా కడతారు, కట్టకపోతే మర్యాద పోతుంది. అక్క దగ్గరైతే "మనదే గదా" అంటారు. మనదే గనక ముంచొచ్చు అన్నమాట. ఇంతకంటే సిగ్గు ఇంకొకటి ఉంది. ఆ తొమ్మిదివేల ఏడొందల్లో ఆరొందల నలభై రూపాయలు మా సంఘం ఖాతా. మీటింగులకి తెప్పించిన టిఫిన్లు. కేసు పెడదామా ఫోటో తీద్దామా అని చర్చించిన రోజు తిన్న పునుగులు కూడా దాంట్లోనే ఉన్నాయి.

అగ్రకులాలవాళ్ళు మన దగ్గర కొనరని ఉపన్యాసాలిచ్చే మనం, మన దగ్గర కొంటున్నామా? కొన్నది కడుతున్నామా? మేము టీచర్లం, జీతం రాగానే టౌనుకి పోయి నెల సరుకులు తెచ్చుకుంటాం. పల్లెలో అరుగు కొట్టు పెట్టుకున్న చెల్లెలు దగ్గర ఉప్పు ప్యాకెట్టు కూడా కొనం. పైగా మన పిల్లకి ఉద్యోగం వస్తే పండగ, కొట్టు పెడతానంటే "చదివింది ఇందుకా" అని దిగులు. ఉద్యోగం తప్ప వేరే దారి లేదనుకున్న తరం మాది. మాకు ఉద్యోగమే దిక్కయింది, కాదనం. ఇప్పుడు ఉద్యోగాలు ఎన్ని వస్తున్నాయో మీకు తెలుసు.

ఇక గల్లాపెట్టె. అక్క గల్లా డాల్డా డబ్బా. మొదటి ఏడాది ఆమె పొయ్యి దగ్గర, బావ డబ్బా దగ్గర. ఆయన తెల్లచొక్కా తొడుక్కుని కుర్చీలో కూర్చునేవాడు. తెల్లారుజామున లేచింది ఆమె, రుబ్బింది ఆమె, పొగలో కళ్ళు పోగొట్టుకుంది ఆమె. సాయంత్రం సరుకుకి డబ్బులు చూస్తే రెండొందలు తక్కువ, మూడొందలు తక్కువ. అడిగితే దెబ్బలు. భార్య సంపాదించినది భర్తదే, దాసుడు సంపాదించినది యజమానిదే అని మనువు రాసిపెట్టాడు. శూద్రుడు చేతనైనా సరే ధనం కూడబెట్టకూడదనీ రాశాడు. 1927 డిసెంబరు 25న మహద్‌లో బాబాసాహెబ్ ఆ పుస్తకాన్ని తగలబెట్టించాడు. ఊరివాళ్ళు ఆ రెండో మాట మన మీద నడిపిస్తున్నారని మన మగవాళ్ళకి కోపం. మొదటి మాటని ఇంట్లో తామే నడిపిస్తున్నారని ఎవరు చెప్పాలి? ఈ పత్రికలో ఇది రాస్తే ఉద్యమంలో చీలిక తెస్తున్నామని కొందరు తమ్ముళ్ళు అంటారు. అననీయండి. డాల్డా డబ్బాలో రెండొందలు తగ్గినప్పుడు ఏ చీలిక వచ్చిందో అది ముందు పూడ్చండి.

పొదుపు సంఘం ఆడవాళ్ళే ఒకరోజు పదిమంది పోయి డబ్బా తీసి పొయ్యి పక్కన పెట్టారు. బావ అలిగి పదిరోజులు వాళ్ళ చెల్లెలింటికి పోయాడు. వచ్చాక ప్లేట్లు కడుగుతున్నాడు. శనివారం మాత్రం ఇప్పటికీ వంద అడిగి తీసుకుంటాడు. అంతా మారిపోయిందని మేము చెప్పం.

2020 మార్చిలో లాక్‌డౌను వచ్చి బండి ఆగింది. పొదుపు అప్పు కంతులు మీద పడ్డాయి. అప్పుడు ప్రైవేటు ఫైనాన్సువాళ్ళు తిరగడం మొదలుపెట్టారు, వారం వారం కడితే చాలని. 2010లో మన రాష్ట్రంలో ఈ సూక్ష్మరుణాల వసూళ్ళకి ఎన్ని ప్రాణాలు పోయినాయో, దాని మీద ఆ అక్టోబరులో సర్కారు ఆర్డినెన్సు తేవాల్సి వచ్చిందో గుర్తున్న పెద్దామె ఒకతి మా సంఘంలో ఉంది. ఆమే గట్టిగా అడ్డుపడింది. అక్క ఆ ఏడు మళ్ళీ మిరపకోతకి పోయింది. బండి మీద పట్టా కప్పి తాడు కట్టిపెట్టింది, అమ్మలేదు.

ఇప్పుడు బండి నడుస్తోంది. రోజుకి మూడు కిలోల పిండి. ఊరివాళ్ళు కొందరు వస్తున్నారు. కొందరు పార్సిలు కట్టించుకుపోతారు గానీ నిలబడి తినరు. పార్సిలైతే పాలక్యాను లాంటిదే గదా, ఇంటికి పోయినాక ఎవరిదో తెలియదు. అక్క అందుకూ ఒకటి చేసింది. పార్సిలుకి కవరు డబ్బులు రెండు రూపాయలు ఎక్కువ పెట్టింది. మేము నేర్పింది కాదు.

కల్పనా సరోజ్ గారి కథ మనవాళ్ళు ప్రతి మీటింగులో చెప్తారు. పన్నెండేళ్ళకే పెళ్ళి చేస్తే అత్తింటి బాధలు పడి, బొంబాయిలో కుట్టుపని చేసి, మూతపడ్డ కమానీ ట్యూబ్స్ ఫ్యాక్టరీని నిలబెట్టిన మనిషి, 2013లో పద్మశ్రీ వచ్చింది. మనకి గర్వమే. జహీరాబాదు పక్కన పస్తాపూర్ చుట్టూ ఊళ్ళలో దళిత ఆడవాళ్ళు సంఘాలు కట్టి, సొంత విత్తనాలు దాచుకుని, జొన్నా కొర్రా పండించి, 2008లో సొంత రేడియో కూడా పెట్టుకున్నారు. అది మాకు ఇంకా దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఒక మనిషి పైకి పోవడం కాదు, సంఘం మొత్తం గట్టున పడడం ఉంది. మన ఇడ్లీ బండి అక్కకి కావాల్సింది పద్మశ్రీ కాదు. నిలబడడానికి కాస్త నీడ కావాలి.

ఆ నీడ సంగతే ఇప్పుడు వచ్చిపడింది. స్టేజీ దగ్గర రోడ్డు వెడల్పు చేస్తున్నారు. బండ్లన్నీ తీసేయమన్నారు. పక్కనే పంచాయతీ ఆరు గదులు కట్టింది. వచ్చే నెల వాటికి వేలం. వేలంపాటలో మన పల్లె ఆడమనిషి నిలబడి పాట పాడిన దాఖలా మా ఊళ్ళో ఇంతవరకూ లేదు. బావ పేరు మీద పాడమని కొందరు, సంఘం ప్రెసిడెంటు పేరు మీద పాడమని కొందరు చెప్పారు. అక్క తన పేరు మీదే పాడతానంది. ధరావత్తు కట్టడానికి డబ్బు తక్కువైంది. అరువు పుస్తకం పట్టుకుని పల్లెలో ఇంటింటికీ మేమూ ఆమెతోపాటు తిరుగుతున్నాం. ఇప్పటికి ఏడువేలు వసూలైంది. మా సంఘం ఖాతా ఆరొందల నలభై మొదటిరోజే కట్టేశాం, ఆలస్యంగానైనా.

ఈ పక్షపత్రిక చదివే చుట్టుపక్కల సంఘాలవాళ్ళు వేలం రోజు రావాలి. కొట్లాటకి కాదు, ఊరికే పంచాయతీ ఆఫీసు ముందు నిలబడడానికి. తేదీ చాటింపు వేశాక కబురు పంపుతాం. పొద్దున్నే రండి. ఆ పూట బండి ఉండదు, ఇంట్లో తినేసి రండి.